నూరు ఇళ్లలో ఒకే జవాబు

నారాయణఖేడ్‌లో ఒక డిగ్రీ కాలేజీలో నుజహత్ మేడం పాఠం చెబుతుంది. ఈ రెండువేల పద్నాలుగులో కూడా, ప్రాజెక్టు పని మొదలుపెట్టే పిల్లలకు ఆమె తొలిరోజు చెప్పే మాట ఒక్కటే. ఎవరింటికైనా పోయి ప్రశ్న అడిగినప్పుడు ఏ జవాబు వచ్చినా సరే, శభాష్ అనకూడదు. తల కూడా ఊపకూడదు. పిల్లలు ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు. పరిశోధన పద్ధతులంటే పెద్ద పెద్ద సూత్రాలు చెబుతుందనుకుంటే ఈమె ఏమిటి, అత్తగారింటికి పంపే పిల్లకు చెప్పినట్టు తల ఊపొద్దంటుంది అని. నవ్వుకోనివ్వండి, మనకేం! ఒక్క శభాష్ ఆ మనిషి చదువును ఏ అంచుదాకా తీసుకుపోయిందో వాళ్లకేం తెలుసు?

నుజహత్ వాళ్ల నాన్న ఫకీర్ మియాకు బస్ డిపో ఎదురుగా రేడియోలు బాగుచేసే దుకాణం ఉండేది. రెండువేల ఒకటిలో ఆమె ఇంటర్ చదివేటప్పటికి ఆ దుకాణంలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. నాలుగేళ్లు తిరిగేసరికి రేడియోలు మాయమైపోయాయి, వాటి చోట సెల్‌ఫోన్ రీఛార్జి కార్డులు వేలాడాయి. కల్హేర్ నుంచి, సిర్గాపూర్ నుంచి కూలిపనికి హైదరాబాదు పోయేవాళ్లు బస్సెక్కే ముందు ఆ దుకాణం దగ్గర ఆగేవాళ్లు. పెళ్లాం నంబరు ఇందులో వేసిపెట్టు మియా, అక్షరాలు చూడకుండా నొక్కేటట్టు చెయ్యి అని అడిగేవాళ్లు. గల్లాపెట్టె పక్కన కూర్చుని పుస్తకం చదువుకునే నుజహత్ చెవులు మాత్రం ఆ మాటల మీదే ఉండేవి. ఈ ఫోను అక్కడినుంచి మోగితే ఇక్కడ ఇంట్లో ఆడమనిషికి ఏమవుతుంది? ఏ కబురు వస్తుంది, ఏ కబురు రాదు? ఆ ప్రశ్న అప్పుడు పట్టుకుంది ఆమెను. పట్టుకుంటే వదిలే పిల్ల కాదు.

డిగ్రీ అయింది, హైదరాబాదులో జర్నలిజం ఎం.ఏ. అయింది. కూతురు ఇక బి.ఎడ్. చేసి టీచరమ్మ అవుతుందని తల్లి జైతూన్ బీ ఎంతో ఆశపడింది. నుజహత్ ఎం.ఫిల్.లో చేరతానంది. వలసపోయినవాళ్ల ఇళ్లలో ఫోను ఏం చేస్తోందో తెలుసుకుంటానంది. జైతూన్ బీ రొట్టె పెనం మీదే మరిచిపోయి కూతురి ముఖం చూసింది. ఊళ్లోవాళ్ల ముచ్చట్లు వినేదానికి కూడా డిగ్రీ ఇస్తున్నారా, అట్లయితే మన గల్లీలో అందరికీ ఎప్పుడో రావాల్సింది అంది. ఫకీర్ మియా మాత్రం పోనీ, చదవనీ అన్నాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

యూనివర్సిటీలో ఆమెకు గైడుగా వచ్చినావిడ పేరు ఎలీసబెతు. సొంతూరు మెదక్. ఆవిడ చేతిలో ఎర్రకలం ఎప్పుడూ మూత తీసే ఉండేది. నుజహత్ రాసిచ్చిన మొదటి అధ్యాయం మొదటి వాక్యం ఇదీ: ‘పాపం, సిర్గాపూర్ ప్రాంతపు ఆడవాళ్లు చాలామంది భర్తల ఫోను కోసం ఎంతో ఆశగా ఎదురుచూస్తుంటారు.’ కాగితం తిరిగి చేతికొచ్చేసరికి ఆ ఒక్క వాక్యం కింద మూడు ఎర్ర గీతలున్నాయి. చాలామంది అంటే ఎంతమంది? ఎంతో ఆశ అని నీకు చెప్పిందెవరు? ఈ పాపం అన్నదెవరు, వాళ్లా నువ్వా? మిగతా పేజీలు ఎట్లుండి ఉంటాయో ఇక చెప్పక్కర్లేదు. రక్తం చిందినట్టున్నాయి.

నుజహత్‌కు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. చిన్నప్పటినుంచి వ్యాసరచనలో బహుమతులు తెచ్చుకున్న పిల్ల మరి! హాస్టల్లో రెండురోజులు ముఖం మాడ్చుకుని తిరిగింది. మూడోరోజు అదే వాక్యాన్ని మళ్లీ రాసింది. ఎవరు చెప్పారు, ఎక్కడ చెప్పారు, తను ఏ పుస్తకంలో చూసింది, ఏది తన ఊహ, అన్నీ విడివిడిగా పెట్టి రాసింది. పాపం తీసేసింది. చదువుకుంటే ఎండు కట్టెలా అనిపించింది గానీ, ఏ మాటకు ఎవరు పూచీయో తెలిసింది. ఆ రోజునుంచి ఆమె రాతకు నిదానం వచ్చింది. తెలిసినంతే అనడం, తెలియనిది తెలియదనడం. వినడానికి సులువుగా ఉంది కదా, రాసి చూడండి తెలుస్తుంది!

రెండువేల ఎనిమిదిలో, వానలు వెనకబట్టాక, ప్రశ్నావళి పట్టుకుని సిర్గాపూర్ దగ్గర ఒక ఊరికి పోయింది. మగవాళ్లు హైదరాబాదు పోయిన ఇళ్లు నూరు ఎంచుకుంది. మొదటి ఇల్లు లక్ష్మవ్వది. యాభై దాటిన మనిషి, ఇద్దరు కొడుకులూ మేస్త్రీల కింద పనికి పోయారు. ఊళ్లో ఆడవాళ్లందరికీ పెద్దదిక్కు. ఇది ఎందుకోసమని లక్ష్మవ్వ అడిగితే, ఇది నా చదువు అవ్వా, పెద్ద పరీక్ష లెక్కనే, ఇది మంచిగ జరిగితేనే నాకు డిగ్రీ వస్తది అని నుజహత్ ఉన్నమాటే చెప్పింది. ఆ తర్వాత ప్రశ్నలు. లక్ష్మవ్వ కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని, ఒక్కొక్కదానికీ ఆలోచించి చెప్పింది. వారానికి రెండుసార్లు ఫోనొస్తది. పిల్లల చదువు అడుగుతరు, పంట అడుగుతరు. ఫోన్ మాట్లాడినంక మనసు నిమ్మళమైతది. చివర్లో కొంచెం బెరుకుగా, సరిగ్గనే చెప్పిన్నా బిడ్డా అంది. నుజహత్ తల ఊపింది. ఊరుకోవచ్చు కదా! నవ్వి, శభాష్ అవ్వా, మస్తు చెప్పినవ్ అని కూడా అంది.

అక్కడినుంచి ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి ఇంట్లో చాయ్ తాగింది, రెండు ఇళ్లలో జొన్నరొట్టె తింది. జవాబులు టకటకా వచ్చేవి. ఎవరూ తడబడలేదు. తన ఫలితం ఇంత స్పష్టంగా, ఇంత గట్టిగా వస్తోందేమిటని లోలోపల మురిసిపోయింది కూడా. హైదరాబాదు తిరిగిపోయి నూరు కాగితాలూ ఎలీసబెతు మేడం బల్లమీద పెట్టింది.

మేడం వాటిని నెమ్మదిగా తిప్పింది. పది తిప్పింది, ఇరవై తిప్పింది. నిమ్మళమైతది, నిమ్మళమైతది, నిమ్మళమైతది. వారానికి రెండుసార్లు, వారానికి రెండుసార్లు. కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది.

“నూరు మంది ఇట్ల ఒక్క తీరు మాట్లాడరు నుజహత్. ఒక్క మనిషి కూసోని నూరుసార్లు రాస్తే ఇట్లుంటది.”

“నేను పోయిన మేడం. ప్రతి ఇంటికి పోయిన.”

“పోయినవని నాకు నువ్వు చెప్తే సరిపోదు. కాగితం చెప్పాలె.”

నెలాఖరులోగా దీని సంగతి తేల్చి చెప్పకపోతే పరిశోధక సంఘానికి రాయాల్సి ఉంటుందని మేడం అంది. రాస్తే సీటు పోతుంది. సీటు పోతే పోనీ అనుకోవచ్చు, బి.ఎడ్. ఎటూ ఉంది. కానీ ఇంట్లో కూర్చుని దొంగరాతలు రాసుకొచ్చిన పిల్ల అని పేరొస్తే? డిపో దగ్గర నాన్న దుకాణం ముందు బస్సు దిగి ఏ ముఖంతో నడవాలి? బయటికి వచ్చి మెట్లమీద కూర్చుండిపోయింది.

తోటి పరిశోధకుడు సంగమేశ్వర్ మంచివాడే, సాయం చేద్దామనే వచ్చాడు. దీనికింత పరేషాన్ ఎందుకన్నాడు. ముప్పై నలభై కాగితాల్లో జవాబులు అటూ ఇటూ మార్చేస్తే అసలు సర్వేలాగే కనబడుతుంది, ఏ సర్వేలో చూసినా అంతే, ఎవడు పోయి అడుగుతాడు అన్నాడు. నిజమే, ఎవడు పోయి అడుగుతాడు? నుజహత్ ఆ కాగితాలను ఒళ్లో పెట్టుకుని కలం కూడా తీసింది. పైనున్న కాగితం తను జొన్నరొట్టె తిన్న ఇంటిది. ఆ ఇంటావిడ మాట మార్చడానికి తనెవరు? కలం మూత పెట్టేసింది. ఆ పిల్ల గొప్పతనం ఎక్కడుందని నన్నడిగితే, తర్వాత రాసిన థీసిస్‌లో లేదంటాను. ఆ కలం మూతలో ఉంది.

మర్నాడే సిర్గాపూర్ బస్సెక్కింది. లక్ష్మవ్వ ఇంటిముందు అరుగుమీద కూర్చుని, అందరి జవాబులూ ఒక్కటే ఎట్లయినయి అవ్వా అని అడిగింది. లక్ష్మవ్వ ముఖం వెలిగిపోయింది. ఎవరైనా ఎప్పుడడుగుతారా అని ఎదురుచూస్తున్నట్టు చెప్పుకొచ్చింది.

“నువ్ శభాష్ అన్నవ్ గద బిడ్డా, గా జవాబు సరైందని తెలిసింది. పెద్ద పరీక్ష అంటివి, మా తోటి ఫేల్ అయితే ఎట్ల? నువ్ పక్కింట్ల చాయ్ తాగేలోపలనే నేను వెనక దర్వాజ నుంచి అందరికి కబురు పంపిన. ఒక్కతి గూడ తప్పు చెప్పలే. చెప్పిందా?”

చెప్పలేదు. ఒక్కతి కూడా తప్పలేదు. నుజహత్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ వచ్చాయి. నూరు ఇళ్ల ఆడవాళ్లు, ముక్కూముఖం తెలియని పిల్ల పరీక్ష తప్పకూడదని, పొయ్యి దగ్గరా బోరింగు దగ్గరా జవాబులు బట్టీపట్టారు. మనం బళ్లో కాపీ కొట్టించినవాళ్లను చూశాం గానీ, ఇట్లా ఊరు ఊరంతా ఒక్కటై కాపీ ఇచ్చిన సంగతి ఎక్కడైనా విన్నామా?

హైదరాబాదు పోయి ఉన్నది ఉన్నట్టు మేడంకు చెప్పింది. మేడం విని, కథ బాగుంది అంది. డైరీ తిప్పి, శనివారం నేనే వచ్చి చూస్తానంది. నుజహత్ ముందుగా ఎవరికీ చెప్పకూడదు, ఊళ్లోకి రాకూడదు, సిర్గాపూర్ హోటల్ దగ్గరే ఆగాలి. సరేనంది నుజహత్. ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా చెప్పలేదు.

శనివారం మేడంను ఆటో ఎక్కించి, తను హోటల్ బెంచీమీద కూర్చుంది. హోటలాయన మిర్చీలు వేడిగా ఉన్నాయన్నాడు, వద్దంది. చాయ్ పెట్టిపోతే చల్లారిపోయింది. ఆ ఆడవాళ్లు మేడంను చూసి భయపడి నోరు విప్పకపోతే? ఎవరూ నేర్పలేదు, మా అంతట మేమే చెప్పాం అని తన మీద ప్రేమకొద్దీ బుకాయిస్తే? అప్పుడిక తను దొంగే. అల్లా, ఒక్కతి నిజం చెబితే చాలు అనుకుంది.

ఎండ వాలాక ఆటో వచ్చింది. మేడం దిగింది. చేతిలో తువ్వాల మూట, నిండా పచ్చి కందికాయలు. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. బెంచీమీద కూర్చుని, ముందు నీళ్లు అడిగి తాగింది. తర్వాత చెప్పింది.

మేడం కూడా మొదట లక్ష్మవ్వ ఇంటికే పోయింది, జాబితాలో మొదటి ఇల్లు అదే కాబట్టి. గట్టిగా చెప్పింది కూడా: ఎవరికీ ఏమీ నేర్పొద్దు, ఎవరి సొంత మాట వాళ్లే చెప్పాలి. లక్ష్మవ్వ బుద్ధిగా సరేనంది. రెండో ఇంట్లో ముసలావిడ కూర్చోబెట్టి, నాకెవ్వలు నేర్పలేదమ్మా, నా సొంత మాటనే చెప్తున్న అంది. మేడం సంతోషించింది. మూడో ఇంట్లో కోడలు, నాకెవ్వలు నేర్పలేదమ్మా, నా సొంత మాటనే చెప్తున్న అంది. నాలుగో ఇంట్లో అదే. అయిదో ఇంటికి పోయేసరికి ఆ ఇంటావిడ చేతిలో బిందె ఇంకా కిందపెట్టలేదు, మేడం నోరు ఇంకా తెరవలేదు, మాట మాత్రం వచ్చేసింది.

“నాకెవ్వలు నేర్పలేదమ్మా...” అంటూ మేడం వాక్యం పూర్తిచేయలేకపోయింది. నవ్వు ఆగలేదు. కళ్లద్దాలు తీసి కొంగుతో కళ్లు తుడుచుకుంది. నుజహత్ ఆవిడ నవ్వగా చూడటం అదే మొదలు. ఇరవై ఏండ్లసంది పద్ధతులు చెప్తున్న, నన్ను గూడ నడి ఊళ్లె కూసోబెట్టి నేర్పిండ్రు అంది మేడం.

నుజహత్ అప్పుడు ఏడ్చింది, హోటల్లో నలుగురూ చూస్తున్నారని కూడా చూసుకోకుండా.

ఇక్కడితో ఆ నూరు కాగితాలు పక్కన పడేసి, వేరే ఊళ్లో కొత్తగా మొదలుపెడితే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. మేడం అదే చేయమంది కూడా. నుజహత్ ఒప్పుకోలేదు. నేను శభాష్ అన్నది, అది ఇంటింటికీ ఎట్లా నడిచింది, అది కూడా సమాచారమే కదా మేడం, దాన్నే ఒక అధ్యాయం చేస్తానంది. నీ తప్పును నీ చేత్తోనే రాసుకోవాలి, పరీక్షించేవాళ్లు దాన్నే పట్టుకుంటారు, ఆలోచించుకో అంది మేడం. ఆలోచించుకున్నాను అంది.

మళ్లీ ఊరికి పోయింది. ఈసారి ప్రశ్నావళి లేదు. ఆ ఊరి రైతు శంకరప్ప చేన్లో పత్తి ఏరే ఆడవాళ్లతో కలిసి వంగింది. నడుముకు ఒడి కట్టుకుని, ఒక్కోరోజు ఒక్కొక్కరి సాలు పక్క సాలు పట్టుకునేది. పత్తికాయ ముళ్లు గుచ్చుకుని వేళ్లు మండేవి. ఏరేవాళ్ల మధ్య ఎడం ఉంటుంది, ఒకరి మాట ఇంకొకరికి వినపడదు. పక్కన ముఖం చూసి తల ఊపేవాళ్లుండరు, చూపు పత్తి మీదే. ఇది నా చదువు కోసమే, మీ పేరు రాయను, చెప్పాలనిపిస్తేనే చెప్పండి, ఇందులో తప్పూ ఒప్పూ లేదు అని ప్రతి మనిషికీ ముందే చెప్పింది. మధ్యాహ్నం గట్టుమీద కూర్చుని, విన్నది విన్నట్టు రాసుకునేది. మాటలు విడిపోయాయి. ఏ ఇంటి ఫోను ఆ ఇంటిది, ఏ మొగుడు ఆ మొగుడే.

తుల్జవ్వ అని ఒక చిన్నది ఉంది, పాతికేళ్లుంటాయేమో. భర్త మల్లేష్ హైదరాబాదులో సెంట్రింగు పని. మొదటిసారి ఆమె కూడా నిమ్మళమైతది అనే చెప్పింది. ఇప్పుడు సగం సాలు ఏరింది. తర్వాత, ఫోన్ రాక నాలుగు నెలలైంది అక్కా అంది. నిమ్మళం గిమ్మళం ఏం లేదు, ఎవలింట్ల ఫోన్ మోగినా నా పాణం కొట్టుకుంటది అంది.

“మరి ఆ రోజు గట్లెందుకు చెప్పినవ్ తుల్జవ్వా?”

“అందరు ఒక్కటి చెప్పిండ్రు. నేనొక్కదాన్ని వేరే చెప్తే నీది ఖరాబైతదేమో అనుకున్న.”

తుల్జవ్వ పత్తి ఏరుతూ ముందుకు పోయింది. నుజహత్ అక్కడే నిలబడిపోయింది.

ఆ అధ్యాయం రాయడానికి ఆమెకు అన్నిటికన్నా ఎక్కువకాలం పట్టింది. మామూలుగా థీసిస్‌లో పరిమితులని చివర రెండు మర్యాద వాక్యాలు రాసి దులుపుకుంటారు. నుజహత్ తన తప్పు దగ్గరే మొదలుపెట్టింది. పరిశోధకురాలు మొదటి ఇంట్లో జవాబును మెచ్చుకున్నది, దాంతో మిగతా ఇళ్లలో అదే జవాబు వచ్చింది అని రాసింది. తుల్జవ్వ పేరు లేకుండా, ఆమె మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు పెట్టింది. ముందొక విశేషణం లేదు, వెనకొక వ్యాఖ్య లేదు. పాపం అని రాయాలని చేయి ఎంత లాగిందో! రాయలేదు.

మేడం దిద్దిన ప్రతి తిరిగొచ్చినప్పుడు నుజహత్ ముందు ఆ పేజీయే తీసింది. ఎర్రగీత ఒక్కటీ లేదు. అంచున మాత్రం, తుల్జవ్వ మాటల పక్కన, చిన్న అక్షరాల్లో మేడం చేతిరాత ఉంది. పాపం, అని రాసింది.

రెండువేల పదిలో డిగ్రీ వచ్చింది. వైవాలో పరీక్షకుడు, ఆ నూరు కాగితాలు దాచేస్తే ఎవరికీ తెలియదు కదా, ఎందుకు పెట్టావమ్మా అని అడిగాడు. వాళ్లు అబద్ధం చెప్పలేదు సార్, నాకు సాయం చేశారు, ఆ సాయం కింద ఏం దాగిందో చెప్పకపోతే అప్పుడు నేను అబద్ధం చెప్పినట్టు అని నుజహత్ చెప్పింది. ఫకీర్ మియా ఆ రోజు దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చాయ్ తాగించాడు. ఎందుకో అడిగినవాళ్లకు చెప్పడం కూడా రాలేదు ఆయనకు, కళ్లు తుడుచుకున్నాడు.

నుజహత్ మిఠాయి డబ్బాతో ఊరికి పోయింది. పాసయ్యానని చెప్పగానే లక్ష్మవ్వ చుట్టూ ఉన్నవాళ్లను గర్వంగా చూసింది. అందరం ఒక్క మాట మీద నిలవడితే పిల్ల పాస్ గాక ఏమైతది, నేను చెప్పలేదా అంది. నుజహత్ కాదనలేదు. లక్ష్మవ్వ నోట్లో మిఠాయి పెట్టింది.

తుల్జవ్వ చేన్లో ఉందంటే అక్కడికి పోయింది. గట్టుమీద పక్కన కూర్చుని, థీసిస్ తీసి, ఆ పేజీ చదివి వినిపించింది. తుల్జవ్వ కొడవలి పక్కన పెట్టి మొదటినుంచి చివరిదాకా కదలకుండా వింది. మల్లేష్ సంగతి నుజహత్ అడగలేదు, ఆమె చెప్పలేదు.

“గిది నా మాట గద” అంది చివరికి, కొంచెం భయంగా. “అందరిది ఒకటి, నాదొకటి. పెట్టినవా గిట్లనే? నీది ఖరాబ్ కాలేదా అక్కా?”

“లేదు తుల్జవ్వా” అంది నుజహత్. “నీ మాట తోనే పాసైన.”

తుల్జవ్వ ఆ పేజీ మీద చేయి పెట్టి, ఆ మాట ఎక్కడుందో మళ్లీ చూపించమంది. నుజహత్ ఆమె వేలు పట్టుకుని చూపించింది.